ఆనకట్టా, తుఫానా?

చరిత్ర పోటీకి మా కోనసీమ పిల్లల ముందు రెండు దారులు. ధవళేశ్వరం ఆనకట్టకైతే సరుకంతా సిద్ధం: 1847లో మొదలు, 1852కి పూర్తి, దగ్గర్లోనే దాన్ని కట్టించిన కాటన్ దొర పేరిట మ్యూజియం. కానీ ఏ బల్ల మీద చూసినా అదే థర్మోకోల్ ఆనకట్ట, అదే గుర్రం మీద దొర!

1996 నవంబరు 6 తుఫాను అలా కాదు. పుస్తకాల్లో దొరికేది తక్కువ, తిరగాల్సింది ఎక్కువ. మా పక్కింటి మామ్మగారు గోడ మీద నీళ్లు నిలిచిన ఎత్తు చేత్తో చూపిస్తారు. కూలిన కొబ్బరిచెట్లు లెక్కపెడుతూ మధ్యలో ఆగిపోతారు. ఆ ఆగడం కూడా రాసుకోమంటాను. అయితే ఒక్కరి మాట చాలదు. ముగ్గుర్ని అడగాలి, ఆనాటి దినపత్రికతో సరిచూడాలి.

నెల గడువుంటే నా ఓటు తుఫానుకే. వారమే ఉంటే ఆనకట్టే గతి. కనీసం మీ ఊరి పంటకాలువ కథైనా అందులో కలపండి.