ఈ-కాలిస్టో డేటాతో ఆరేళ్లు

సూర్యుడి నుంచి ఉన్నట్టుండి ఎగసే రేడియో బరస్ట్‌లను చూడడానికి సొంత యాంటెనా అక్కర్లేదని ప్రపంచమంతటా ఉన్న సౌర రేడియో స్టేషన్ల నెట్‌వర్క్ ఈ-కాలిస్టో ఆర్కైవ్‌లోకి వెళ్లాకే నాకు అర్థమైంది. లాగిన్ లేదు, దరఖాస్తు లేదు. తేదీ ఫోల్డర్ తెరిచి ఫైలు దించుకోవడమే.

ఒక్కో ఫైలు 15 నిమిషాల రికార్డింగ్. మామూలుగా 200 ఫ్రీక్వెన్సీలు, సెకనుకు 4 కొలతలు. ఫైలు పేరులోనే స్టేషన్, తేదీ, యూటీ (ప్రపంచ ప్రామాణిక) సమయం ఉంటాయి కాబట్టి రోజంతటి బొమ్మ గీయడానికి చిన్న పైథాన్ ప్రోగ్రాం చాలు. టైప్ 3 బరస్ట్‌ని మొదటిసారి నా స్క్రీన్ మీద గీసుకున్న రోజు ఇంకా గుర్తుంది. దాదాపు నిలువు గీత, కొన్ని సెకన్లలో పై ఫ్రీక్వెన్సీ నుంచి కిందికి జారిపోయింది. ఎలక్ట్రాన్లు కరోనాలో (సూర్యుడి బయటి వాతావరణంలో) పైకి దూసుకుపోతుంటే చుట్టూ ప్లాస్మా (విద్యుదావేశ కణాల వాయువు) పలచబడుతుంది, దాంతోపాటే ఫ్రీక్వెన్సీ దిగుతుంది. ఎన్నిసార్లు చదివినా ఎక్కనిది ఆ గీతతో ఎక్కింది.

చిరాకులూ తక్కువేం కాదు. చాలా స్టేషన్లలో 88–108 మెగాహెర్ట్జ్ మధ్య ఎఫ్ఎం చారలే. బలహీనమైన బరస్ట్ వాటి కింద మునిగిపోతుంది. అంతకన్నా పెద్ద దెబ్బ ఒక స్టేషన్ గడియారం కొట్టింది. ఫ్లేర్‌కీ (సూర్యుడి మీద పేలుడుకి), షాక్ తరంగం పుట్టించే టైప్ 2 బరస్ట్‌కీ మధ్య ఆలస్యం లెక్క కుదరక రెండు వారాలు టెన్షన్ పడ్డాను. అదే బరస్ట్‌ని ఇంకో స్టేషన్‌లో చూస్తే ఒకటిన్నర నిమిషం తేడా! అప్పటినుంచి కనీసం రెండు స్టేషన్లు సరిపోల్చనిదే ఏ సమయమూ రాసుకోను.

ఇంకో మాట. ఫైల్లో ఉండే 0–255 అంకెలు అసలు తీవ్రత కాదు, పరికరం ఇచ్చే ముడి విలువలు. తీవ్రత కావాలంటే జపాన్‌లోని నొబెయామా రేడియో అబ్జర్వేటరీ కొలతలు దించుకుంటాను. కెనడావాళ్లు 1947 నుంచి కొలుస్తున్న 10.7 సెంటీమీటర్ల ఫ్లక్స్ (ఆ తరంగదైర్ఘ్యంలో సూర్యుడి రేడియో తీవ్రత) ఉంది గానీ, రోజుకు మూడు కొలతలే. సౌరచక్రం (సూర్యుడి చురుకుదనం ఏళ్ల తరబడి పెరిగి తగ్గడం) చూడడానికి బంగారం, బరస్ట్‌కి పనికిరాదు.

కింది ఫ్రీక్వెన్సీలకు నాసా విండ్ ఉపగ్రహం డేటా వాడతాను. అది 14 మెగాహెర్ట్జ్ దగ్గర ఆగుతుంది. నేను వాడే స్టేషన్లు 45 దగ్గర మొదలవుతాయి. మధ్య భాగానికి నాన్సే రేడియో అబ్జర్వేటరీ ఆర్కైవ్ ఉంది, అదీ ఫ్రాన్స్‌లో పగలైతేనే. లేని రోజుల్లో ఆ ఖాళీని చుక్కల గీతతో కలిపి, పక్కన ప్రశ్నార్థకం పెట్టి వదిలేస్తున్నాను.