మోంటొబాన్‌లో పారా సాపర్ల కోసం: టూర్ వాళ్ళకి మాత్రం డబ్బు కట్టకండి

ఫ్రాన్స్‌లో మోంటొబాన్ వెళ్ళాలనుకునే మనవాళ్ళకి ముందే చెప్తున్నా. "సైనిక చరిత్ర టూర్" అంటూ ఆన్‌లైన్‌లో అమ్మేవాళ్ళని నమ్మకండి. మనిషికి 85 యూరోల చొప్పున ముగ్గురికి 255 యూరోలు తీసుకుని, మమ్మల్ని బ్యారక్స్ గేటు దాకా తీసుకెళ్ళి వెనక్కి తిప్పారు.

అసలు వెళ్ళిందే నాన్న కోసం. ఆయన మద్రాస్ సాపర్స్‌లో చేసి రిటైరయ్యారు. సాపర్లంటే సైన్యంలో ఇంజనీరింగ్ పనులు చేసే సైనికులు. 1780 నాటి రెజిమెంటు అది, కేంద్రం బెంగళూరులో ఉంది, మన రెండు రాష్ట్రాల వాళ్ళూ చాలామంది చేరతారు. మా ఆయన ఉద్యోగం తులూజ్‌లో. అక్కడికి యాభై కిలోమీటర్లలోనే విమానాల నుంచి దూకే ఫ్రెంచ్ సాపర్ల రెజిమెంటు ఉందని తెలిసినప్పటి నుంచీ నాన్న రోజూ అదే మాట. దాని పేరు 17వ పారాచూట్ ఇంజనీరింగ్ రెజిమెంటు. మందుపాతరలు తీయడం, వంతెనలు పేల్చడం, దారులు వేయడం, అన్నీ ఆకాశం నుంచి దిగి చేస్తారు.

రెజిమెంటు గౌరవ మందిరం చూపిస్తామనీ, లోపల జెండాలు, పాత పరికరాలు ఉంటాయనీ టూర్ పేజీలో రాశారు. రైలు దిగాక గైడ్ కుర్రాడు కలిశాడు. నాన్న ఇస్త్రీ చొక్కా, రెజిమెంటు టై వేసుకుని ఉదయం నుంచే సిద్ధం. డూమెర్క్ బ్యారక్స్ గేటు దగ్గర ఎర్ర బెరె టోపీ పెట్టుకున్న కాపలా సెంట్రీ చాలా మర్యాదగా అనుమతి పత్రం అడిగాడు. గైడ్ దగ్గర లేదు. అసలు అడగనే లేదట! ముందుగా రెజిమెంటుకి రాసి అనుమతి తెచ్చుకోవాలని సెంట్రీయే చెప్పాడు. ఫొటోలు కూడా కుదరదు. నాన్న అతనికి సెల్యూట్ చేసి వెనక్కి తిరిగారు. ఆ తర్వాత గంటసేపు ఎవరితోనూ మాట్లాడలేదు.

నాకు ఇంకా కోపం తెప్పించింది వేరే విషయం. 2012 మార్చి 15న ఈ బ్యారక్స్‌కి దగ్గర్లోనే, ఏటీఎం దగ్గర నిలబడ్డ ముగ్గురు సైనికుల మీద ఒక ఉగ్రవాది కాల్పులు జరిపాడు. ఇద్దరు చనిపోయారు, మూడో అతను శాశ్వతంగా మంచాన పడ్డాడు. ముగ్గురూ ఈ రెజిమెంటు వాళ్ళే. గైడ్ ఆ సంగతి ఎత్తనే లేదు. నేను అడిగితే "అది టూర్‌లో లేదు" అన్నాడు. అంత డబ్బు తీసుకుని ఈ రెజిమెంటు పేరు అమ్ముకునేవాడికి ఆ మాత్రం గౌరవం ఉండక్కర్లేదా?

గైడ్‌ని అక్కడే వదిలేసి ఊరు మేమే తిరిగాం. ఎర్ర ఇటుకల ఊరు, తార్న్ నది మీద పాత వంతెన, ఆర్కేడ్ల చౌక్. బాగున్నాయి, పైసా ఖర్చు లేదు. నాన్న మళ్ళీ మాట్లాడింది సెంట్ జాక్ చర్చి ముందు. 1621లో పదమూడో లూయీ రాజు ఈ ఊరిని ముట్టడించి, గెలవలేక వెళ్ళిపోయాడు. అప్పటి ఫిరంగి గుండ్ల దెబ్బలు ఆ గోడ మీద ఇప్పటికీ కనిపిస్తాయి. నాన్న గొడుగుతో ఒక్కో గుంతా చూపిస్తూ, "చూడమ్మా, కోటగోడ దగ్గరికి వంకరటింకరగా కందకం తవ్వుకుంటూ పోవాలి. అందరికంటే ముందుండేది సాపరే. పైనుంచి తూటాలు పడుతుంటాయి, అందుకే వాడికి ఇనప టోపీ, ఛాతీ కవచం" అన్నారు. ఫ్రెంచ్ సైనిక ఇంజనీర్ల చిహ్నంలో నేటికీ ఉన్నవి ఆ టోపీ, ఆ కవచమే.

మధ్యాహ్నం చౌక్‌లో తిన్న బాతు కాలు, బంగాళాదుంపలు, డెజర్టుతో కలిపి 18.50 యూరోలు. ఆ రోజు పెట్టిన డబ్బుకి న్యాయం జరిగింది అక్కడే.

పారాచూట్ సేన చరిత్ర కావాలంటే పావ్ వెళ్ళండి. ఫ్రెంచ్ పారా సైనికులకి శిక్షణ ఇచ్చే స్కూలు అక్కడే ఉంది, పారాచూట్ సేనల మ్యూజియం కూడా ఆ ఊళ్ళోనే. తులూజ్ నుంచి రైల్లో రెండు గంటల పైన పట్టింది, రానూపోనూ మనిషికి 58 యూరోలు అయ్యాయి. మ్యూజియం పనివేళలు చూసుకుని బయల్దేరండి.

అక్కడి కౌంటర్‌లో ఉన్న పెద్దాయన నాన్న టై చూసి పలకరించారు. ఆయనా సాపరే. ఈయనకి ఫ్రెంచ్ రాదు, ఆయనకి ఇంగ్లీషు అంతంత మాత్రం. మా ఆయన అటూ ఇటూ చెప్తూ ఉండగానే ఇద్దరూ చెరో పెన్ను తీసుకుని, మందుపాతర కోసం నేలని ఏటవాలుగా ఎలా గుచ్చాలో కౌంటర్ మీద చూపించుకోవడం మొదలుపెట్టారు. నిట్టనిలువుగా గుచ్చితే మొన వెళ్ళి మీటకే తగులుతుంది కదా!

వియత్నాంలో ఫ్రెంచ్‌వాళ్ళు యుద్ధం చేసిన డియన్ బియన్ ఫూ సంగతి ఆయనే చెప్పారు. 1953 నవంబరులో 17వ ఎయిర్‌బోర్న్ ఇంజనీరింగ్ కంపెనీ వాళ్ళు కూడా ఆ లోయలో దూకారు. ఫ్రెంచ్‌వాళ్ళతో పోరాడుతున్న వియత్‌మిన్ సేన వాళ్ళు గోతులు తవ్వి పాడుచేసిన పాత రన్‌వేని బాగుచేయడం వాళ్ళ పని. అందుకు బుల్‌డోజర్‌నే పారాచూట్లతో కిందికి వదిలారు. మొదటిది పారాచూట్ల నుంచి తెగిపోయి పొలంలో కూరుకుపోయింది, తర్వాత ఇంకొకటి దింపారు. కొద్ది రోజుల్లోనే విమానాలు దిగాయి. నాన్న ఈ కథ రెండుసార్లు చెప్పించుకున్నారు.

ఈ సాపర్లకి పండగలు కూడా రెండట. పారా సైనికులుగా సెప్టెంబరు 29న సెయింట్ మైకేల్, మందుగుండుతో పనిచేసేవాళ్ళుగా డిసెంబరు 4న సెయింట్ బార్బరా.

ఆ టూర్ వాళ్ళకి మెయిల్ పెడితే, "అనుమతికి లోబడి" అని షరతుల్లో ఉందంటూ 40 యూరోలు మాత్రం వెనక్కిచ్చారు. కార్డు బ్యాంకులో డిస్ప్యూట్ వేశాం. మీరు మోంటొబాన్ వెళ్తే బ్యారక్స్ కోసం రెజిమెంటుకే నేరుగా రాయండి. జవాబు రాకపోతే చర్చి, వంతెన చూసుకుని పావ్ రైలెక్కండి.