మా పెంకుటింటి కత్తెరలు: పదహారేళ్ళ వాడకం తర్వాత

2009లో కోనసీమలోని మా ఊళ్ళో ఇల్లు కట్టుకున్నప్పుడు, హాలు మీద స్లాబు వద్దని పట్టుబట్టింది నేనే. అందరూ నవ్వారు. అరవై ఏళ్ళ పాత పెంకుటిళ్ళను పడగొట్టి స్లాబులు వేసుకుంటున్న రోజులవి. "నువ్వేంట్రా వెనక్కి నడుస్తున్నావ్?" అన్నాడు మా బాబాయి. అప్పటి నుంచి ఎవరు ఇంటికొచ్చినా పైకి చూసి అడిగే ప్రశ్న ఒకటే: "కర్ర ఆగుతుందా?" ఆ ప్రశ్నకు ఈ పదహారేళ్ళలో నాకు తెలిసిన జవాబు ఇక్కడ రాస్తున్నాను.

హాలు వెడల్పు 20 అడుగులు, పొడవు 30. రెండు చివరలా గోడలే మొగరం దాకా, అంటే కప్పు నడినెత్తి దాకా, లేచాయి కాబట్టి, మధ్యలో పదేసి అడుగులకు ఒకటి చొప్పున కప్పును మోసే కత్తెరలు రెండు సరిపోయాయి. ఇంజినీర్లు ట్రస్సు అంటారు, మా వడ్రంగులకు అది కత్తెరే. అడుగున అడ్డదూలం, రెండు వైపులా వాలు దూలాలు, మధ్యలో నిలువుగా నిట్రాడు, దాని కాలి దగ్గర నుంచి రెండు వైపులకూ ఏటవాలుగా లేచే చిన్న కర్రలు. అంతే. ఎత్తు ఆరడుగులు. ఒక్కో కత్తెరకు సుమారు 13 ఘనపుటడుగుల కలప పట్టింది. పైన 1,400 బంగళా పెంకులు ఉన్నాయి. ఒక్కోటి రెండున్నర కిలోలు వేసుకున్నా మూడున్నర టన్నులు. వానకు తడిస్తే ఇంకా బరువు.

రెండు కత్తెరలకూ ఒకే రకం కర్ర దొరకలేదు. ఇప్పుడు ఆలోచిస్తే అదే మంచిదయింది. 22 అడుగుల ఒకే ముక్క టేకు దూలం కోసం తిరిగి తిరిగి, చివరికి దగ్గర్లో పడగొడుతున్న ఒక మండువా లోగిలిలో ఒకటి కొన్నాం. మిగతా ముక్కలూ అక్కడివే. రెండో కత్తెరకు మాత్రం టింబర్ డిపోలో కొత్త టేకు కోయించాం. అంటే ఒకే హాల్లో, ఒకే కప్పు కింద, పదడుగుల దూరంలో పాత కర్ర, కొత్త కర్ర ఎదురెదురుగా ఉన్నాయన్నమాట.

పాత కర్ర వడ్రంగికి చుక్కలు చూపించింది. ఎక్కడ పడితే అక్కడ పాత మేకులు. మొదటి రోజే రంపం పళ్ళు రెండు విరిగాయి. రంగు నల్లగా, పైన సున్నం మరకలు. కానీ ఎండాల్సిందంతా ఎప్పుడో ఎండిపోయింది. బిగించిన రోజు అతుకులు ఎలా ఉన్నాయో ఈ రోజూ అలాగే ఉన్నాయి. కొత్త కర్ర బంగారు రంగులో మెరిసిపోతూ వచ్చి, రెండు వేసవులు తిరిగేసరికి అసలు రంగు చూపించింది. అతుకుల దగ్గర రూపాయి బిళ్ళ దూరేంత సందులు. బోల్టులు చేత్తో తిప్పితే తిరిగాయి. ఓ రాత్రి ఫట్‌మని శబ్దం వస్తే ఇల్లు కూలుతుందేమోనని అందరం వాకిట్లోకి పరిగెత్తాం. తెల్లారి చూస్తే వాలు దూలం మీద పొడుగ్గా ఒక పగులు. ఆ టెన్షన్ తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. ఆరేటప్పుడు కర్ర పోగుల వెంట పొడుగ్గా వచ్చే పగుళ్ళతో చాలావరకు ప్రమాదం లేదు, అతుకులోకి పాకినదాన్నే పట్టించుకోవాలి. మొదటి మూడేళ్ళూ ప్రతి వేసవిలో నిచ్చెన వేసుకుని నేనే బోల్టులు బిగించాను. ఆ తర్వాత అవసరం రాలేదు.

కత్తెరలు కట్టిన పెద్దాయన చదువుకున్నది తక్కువే గానీ, ఆయన దగ్గర నేను నేర్చుకున్నది మాత్రం కొంచెం కాదు. మొదటి కత్తెర ఎక్కించాక చూస్తే నిట్రాడు కాలికీ అడ్డదూలానికీ మధ్య వేలి మందం ఖాళీ ఉంది. ఇనప పట్టీ ఒకటి దూలం కింద నుంచి చుట్టి నిట్రాడుకు బిగించి ఉంది. కొలత తప్పిందనుకుని అడిగాను.

"ఇది నిలబడేది కాదండి బాబూ, ఏలాడేది" అన్నాడు.

గుడిసెలో నిట్రాడు నేల మీద నిలబడి కప్పును మోస్తుంది. కత్తెరలో అదే పేరున్న కర్ర పని తలకిందులు. వాలు దూలాలు రెండూ తలల దగ్గర దాన్ని పట్టుకుని ఉంటాయి, అది కిందికి వేలాడుతూ అడ్డదూలం నడుం వంగకుండా పైకి లాగి పట్టుకుంటుంది. అడ్డదూలం కూడా కప్పును మోయడానికి ఉన్నది కాదు. కప్పు బరువుకు గోడలు బయటికి తోసుకుపోకుండా రెండు వాలు దూలాల కాళ్ళనూ తాడులా కట్టి ఉంచడం దాని పని. ఇదంతా అర్థమైందని నేను సంబరపడుతుండగానే, మర్నాడు మేస్త్రి ఆ ఖాళీ చూసి "వడ్రంగి పనితనం ఇదా" అని ఒక చెక్క ముక్కను సుత్తితో దిగ్గొట్టేశాడు. పెద్దాయన వచ్చి చూసి, ఒక్క మాట కూడా అనకుండా నిచ్చెనెక్కి దాన్ని ఊడగొట్టి మేస్త్రి కాళ్ళ దగ్గర పడేశాడు.

వాలు దూలం కాలు అడ్డదూలంలోకి దిగే గాడి విషయంలోనూ ఆయనది అదే పట్టుదల. గాడి అవతల జానెడు కర్ర మిగలాల్సిందే అన్నాడు. నేను చూరు అందంగా ఉంటుందని కొస కత్తిరించమన్నాను. "కోసెయ్యొచ్చండి, ఆనక చీలిపోద్ది" అన్నాడు. వాలు దూలం తోపుడంతా ఆగేది ఆ జానెడు దగ్గరే.

ఇక నా తప్పు. అడ్డదూలం కొసలు గోడలో కూర్చునే చోట కింద రాతి పలక వేసి, చుట్టూ గాలి ఆడేలా ఖాళీ వదలమని పెద్దాయన చెప్పి వెళ్ళాడు. నేను ఆ రోజు ఊళ్ళో లేను. మేస్త్రి నాలుగు కొసలనూ సిమెంటుతో శుభ్రంగా పూడ్చేశాడు. వచ్చాక చూసి, నున్నగా బాగానే ఉంది కదా అని ఊరుకున్నాను. 2017లో రెండో కత్తెర పడమటి కొస దగ్గర గోడ మీద సన్నటి మట్టి గీత కనిపించింది. చెదలు. స్క్రూడ్రైవర్ గుచ్చితే పిడి దాకా దిగింది. టేకుకు చెద పట్టదంటారు గానీ ఆ మాట చేవకే, అంటే కాండం లోపలి గట్టి కర్రకే. కొత్త దూలానికి ఒక అంచున తెల్లకర్ర, అంటే బెరడు వైపు మెత్తటి భాగం, తీయకుండా కోశారు, చెమ్మ పట్టిన కొసలో చెదలు దాంతోనే మొదలుపెట్టాయి.

ఆరు రోజుల పని పట్టింది. ఆ పక్క పెంకులన్నీ దింపి, సరుగుడు బాదులు, లారీ జాకీలతో దూలాన్నీ వాలు దూలాన్నీ విడివిడిగా ఎత్తిపట్టి, రెండున్నర అడుగుల ముక్క కోసేసి, పాత టేకు ముక్క అతికించి, రెండు పక్కలా ఇనప పలకలు పెట్టి బోల్టులు బిగించారు. పనిలో పనిగా మిగతా మూడు కొసల చుట్టూ ఉన్న సిమెంటు తీయించేశాను. అవి బాగానే ఉన్నాయి, అదృష్టం.

2018 డిసెంబరులో పెథాయ్ తుపాను మా వైపే తీరం దాటింది. చూరు వరసలో పెంకులు లేచిపోయాయి. వాటికంటే ఎక్కువ పెంకులను పక్క దొడ్డి కొబ్బరి మట్టలు పగలగొట్టాయి. కత్తెరలు మాత్రం కదల్లేదు. పెంకుల బరువే కప్పును పట్టుకుంటుంది, బోల్టులెందుకని కట్టేటప్పుడు కొందరన్నారు. మా ఇంజినీరు బావగారు వినకుండా గోడ మీది కాంక్రీటు బెల్టులో పొడవాటి బోల్టులు దించి కత్తెర కాళ్ళను కట్టించారు. గాలి కప్పును కిందికి నొక్కడమే కాదు, పైకీ లాగుతుంది. పెథాయ్ రాత్రి హాల్లో కూర్చుని ఆయన్ను చాలాసార్లు తలుచుకున్నాం.

చల్లదనం గురించి చెప్పక్కర్లేదు, మే నెలలో చుట్టాలందరి పడకలూ ఆ హాల్లోనే. దుమ్ము, పిల్లులు, పెంకుల మీద కోతుల కవాతు, ఏటేటా పగిలిన వాటికి బదులు కొత్త పెంకులు ఎక్కించే మనిషి కోసం బతిమాలుకోవడం కూడా ఉన్నాయి. ఆ పని తెలిసినవాళ్ళు మా మండలంలో ఇద్దరో ముగ్గురో మిగిలారు.

మా తమ్ముడు పక్క స్థలంలో ఇల్లు మొదలుపెట్టి, కత్తెరలకు కర్ర వాడనా, స్టీలు పైపులా అని అడుగుతున్నాడు. పాత కర్ర దొరికితేనే కర్ర అని చెప్పాను. దొరికితే దూలం కొసలు గోడలో కూర్చోబెట్టే రోజున మాత్రం ఊరు దాటొద్దన్నాను.