571: పాత ట్రయథ్లాన్ సైకిల్‌తో ఆరేళ్లు

ఈ సైకిల్ ఏ కంపెనీదో నాకు ఇవాళ్టికీ తెలియదు. ఆరేళ్లలో దీని మీద పద్నాలుగు వేల కిలోమీటర్లు తిరిగాను. పేరు తెలియనందుకు ఒక్క రూపాయి నష్టపోలేదు. నష్టపోయిందల్లా టైరు పక్కన సన్నటి అక్షరాల్లో ఉన్న 571 అనే అంకెను కొనే ముందు చదవనందుకు.

2018 డిసెంబర్‌లో మిర్యాలగూడలో ఒక ఇంటి మెట్ల కింద కనిపించింది. ఆ ఇంటి అబ్బాయి అమెరికా నుంచి సామానంతా కంటెయినర్‌లో తెచ్చుకుని, రెండేళ్లు హైదరాబాద్‌లో ఉండి, మళ్లీ వెళ్లిపోయాడట. సైకిల్ మాత్రం పాడైన కూలర్‌కీ వడ్ల బస్తాలకీ మధ్య ఉండిపోయింది. ఎవరో పాత రంగు గీకేసి నల్ల స్ప్రే కొట్టారు. స్టిక్కర్ ఒక్కటి లేదు. "ఇటలీ మాల్ సారూ, కొత్తదైతే లక్షల మీద ఉంటది" అన్నాడు పెద్దాయన. పద్దెనిమిది వేలు చెప్పి పన్నెండుకు దిగాడు. నల్లగొండకు బస్సులో వేసుకొస్తుంటే కండక్టర్ కాసేపు చూసి, "సార్, దీని హ్యాండిల్ ఉల్టా బిగించిన్రా?" అని అడిగాడు.

ఉల్టా కాదు, అది ట్రయథ్లాన్ సైకిల్ రూపమే అంత. ఈత కొట్టి, సైకిల్ తొక్కి, దిగీ దిగగానే పరుగెత్తాలి కాబట్టి కాళ్లలో కొంత బలం మిగలాలి, గాలి దెబ్బ తగ్గాలి. అందుకని మామూలు రోడ్ సైకిల్‌లో 73 డిగ్రీల దగ్గర ఉండే సీటు గొట్టం ఇందులో 76, 78 దాకా నిటారుగా లేస్తుంది. మనిషి పెడళ్ల మీదికి ముందుకు వస్తాడు. మోచేతులు పెట్టుకోవడానికి రెండు మెత్తలు, వాటి ముందు కొమ్ముల్లా రెండు కడ్డీలు ఉంటాయి. గేర్లు ఆ కొమ్ముల చివర, బ్రేకులు కింది హ్యాండిల్ చివర. ఈ కొమ్ములను ట్రయథ్లాన్ వాళ్లు అప్పటికే వాడుతున్నా, ప్రపంచం గట్టిగా పట్టించుకుంది 1989 టూర్ డి ఫ్రాన్స్ సైకిల్ రేసు చివరి రోజున. 50 సెకన్లు వెనకబడి ఉన్న గ్రెగ్ లెమాండ్ వాటి మీద వాలి తొక్కి, మొత్తం రేసును 8 సెకన్ల తేడాతో గెలిచాడు. అదే ఏడాది అమెరికాలో క్వింటానా రూ కంపెనీ నిటారు సీటు గొట్టం, చిన్న చక్రాలు పెట్టి ట్రయథ్లాన్ కోసమే ఒక సైకిల్ తెచ్చింది. 1990ల్లో చాలామంది ఆ చిన్న చక్రం దారి పట్టారు. తర్వాత దాదాపు అందరూ మళ్లీ పెద్ద చక్రానికే వెళ్లిపోయారు. ఆ మధ్యకాలంలో పుట్టిన సైకిళ్లలో ఒకటి నా నెత్తిన పడింది.

మొదటి రెండు నెలలు పేరు వెతకడానికే పోయాయి. రాత్రిళ్లు ఫ్రేమును టార్చి వెలుగులో ఏటవాలుగా చూడటం, రంగు కింద అక్షరాల అంచులేమైనా తేలుతున్నాయా అని వేలితో తడమటం. మా ఇంట్లో వాళ్లు దీన్ని పూజ అన్నారు. ఏమీ తేలలేదు. చివరికి పేరు వదిలేసి విడిభాగాల మీద పడ్డాను. అక్కడ కథ గబగబా విప్పుకుంది.

గేర్లూ బ్రేకులూ చేసే షిమానో కంపెనీ పాత భాగాల వెనక రెండక్షరాలు గుద్ది ఉంటాయి. మొదటిది సంవత్సరం, రెండోది నెల. 1976కు ఏ, 1977కు బీ, అలా 2001కి జెడ్ దాకా వెళ్లి, 2002లో మళ్లీ ఏ మొదలవుతుంది. నెలలు జనవరికి ఏ నుంచి డిసెంబర్‌కు ఎల్ దాకా. కిరోసిన్‌లో ముంచిన గుడ్డతో జిడ్డు తుడిస్తే పెడళ్లు తగిలించే నా క్రాంక్ లోపలి వైపు ఎక్స్ఎఫ్ అని వచ్చింది, అంటే 1999 జూన్. చైన్‌ను గేరు నుంచి గేరుకు జరిపే వెనక డిరైలర్ మీద ఎక్స్ఐ, సెప్టెంబర్. కాబట్టి ఈ బండిని కూర్చింది 1999 సెప్టెంబర్ తర్వాతే. ముందు బ్రేకు మీద బీడీ ఉంది. 1977 ఏప్రిల్ అయినా కావాలి, 2003 ఏప్రిల్ అయినా కావాలి. రెండు చోట్ల ఇరుసున్న బ్రేకు 1977లో షిమానోకు లేదు కాబట్టి అది 2003దే. ముందు బ్రేకు ఒక్కటే ఎందుకు మార్చారు? ఎక్కడో గుద్దుకుని ఉండాలి అనుకుని ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కు విప్పి చూశాను. కార్బన్ కాళ్ల మీద రూపాయి బిళ్ళతో పైనుంచి కిందికి కొట్టుకుంటూ పోతే అంతటా ఒకే మోత. ఎక్కడైనా మొద్దుగా, చచ్చినట్టు పలికితే పొర విడిపోయిందని అనుమానించాలి. అదృష్టం, ఫోర్కు బాగుంది.

ఇక ఇటలీ సంగతి. పెడళ్ల ఇరుసు కూర్చునే గొట్టం వెడల్పు కొలిస్తే 68 మిల్లీమీటర్లు, కుడి వైపు కప్పుకు ఉల్టా త్రెడ్డు. ఇటలీ కొలత అయితే 70 ఉండాలి, రెండు వైపులా మామూలు త్రెడ్డే ఉండాలి. మరి ఇటలీ వాళ్లు కూడా 68 కొలతతో చేసి బయటికి పంపారు కాబట్టి పెద్దాయన అబద్ధం చెప్పాడని అనలేను. కానీ ఆ మాటకు ఇచ్చిన ధర దండగ.

ఇప్పుడు 571. టైర్లు ఎండి పెంకులయ్యాయి. మీద పెద్ద అక్షరాల్లో 650×20సి అని ఉంది, చక్రం చూపుకు 26 అంగుళాలు. చిన్నప్పుడు గంటకు రూపాయి ఇచ్చి కిరాయి సైకిల్ తెచ్చుకున్న సైకిల్ టాక్సీ చాచా ఇంకా దుకాణం నడుపుతున్నాడు. ఆయన దగ్గరికి తోలుకెళ్లాను. "అరె బేటా, గిది సైకిలా, మిషినా? బ్రేకు యాడున్నది, గేరు యాడున్నది!" అని నవ్వి, "26 అంటే 26 కదా" అంటూ మన ఊళ్లలో దొరికే 26×1⅜ టైరు తీశాడు. నేనూ తలూపాను. ఎక్కిస్తే అది రిమ్ము మీద వదులు గాజులా వేలాడింది. టైరు అంచు రిమ్ములో కూర్చునే వ్యాసం మన 26×1⅜కు 590 మిల్లీమీటర్లు. కొండ సైకిళ్ల 26కు 559. నా దానికి 571. మూడింటినీ జనం 26 అనే పిలుస్తారు! పాత టైరు పక్కన 20-571 అని చిన్నగా రాసే ఉంది. మొదటిది వెడల్పు, రెండోది ఆ వ్యాసం. చూసేది ఆ రెండో అంకెనే.

పోనీ అందరూ వాడే 700సి చక్రాలే వేద్దామంటే వాటి వ్యాసం 622. అంటే రిమ్ము 25 మిల్లీమీటర్ల పైకి జరుగుతుంది, బ్రేకు గుబ్బలు అంత పైకి రావు, ఫోర్కులోనూ చోటుండదు. కాబట్టి 571 టైర్లే కావాలి. ఇక్కడి దుకాణాల్లో నాకు ఒక్కటీ దొరకలేదు. హైదరాబాద్‌లో నలుగురిని అడిగితే ఇద్దరు నన్నే ఎదురు ప్రశ్నించారు. అమెరికాలో ఉన్న మా మరదలు సంక్రాంతికి వస్తూ 23 మిల్లీమీటర్లవి నాలుగు పెట్టెలో పెట్టుకొచ్చింది. అప్పటిదాకా సైకిల్ గోడకు ఆనుకునే ఉంది.

బాగుచేయడంలో ఏడిపించింది సీటు రాడ్డు. ఏళ్ల చెమట ఉప్పు దిగి రాడ్డూ ఫ్రేమూ ఒకటైపోయాయి. నా ఎత్తుకు అది రెండంగుళాలు కిందికి దిగాలి. తుప్పు వదిలించే నూనె నాలుగు రోజులు పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి పోశాను. కదల్లేదు. వెల్డింగ్ షాపతను గ్యాసు మంట చూపిద్దామన్నాడు. ఇనుమైతే సరే అనేవాణ్ని. ఇది అయస్కాంతం అంటని అల్యూమినియం. కంపెనీలో వేడి చేసి గట్టిపరిచిన ఫ్రేముకు మంట తగిలితే ఆ గట్టిదనం పోతుంది, బయటికి మాత్రం ఏమీ కనపడదు. వద్దన్నాను. సీటు తీసేసి, రాడ్డు తలను అతని పెద్ద వైస్‌లో బిగించి, ఇద్దరం ఫ్రేమును చెరోవైపు పట్టుకుని తిరగలి తిప్పినట్టు తిప్పాం. అరగంట తర్వాత ఠప్‌మని తుపాకీ పేలినట్టు శబ్దం. ఫ్రేము విరిగిందనే అనుకున్నాను. రాడ్డు వదిలింది. దాని మీద తెల్లటి పిండి. తలకు వైస్ గాట్లు పడ్డాయి కాబట్టి ఆ రాడ్డు పారేసి 27.2 మిల్లీమీటర్లది కొత్తది వేశాను. అప్పటి నుంచి ఆర్నెల్లకోసారి రాడ్డు బయటికి లాగి గ్రీజు పూసి పెడుతున్నాను.

ఆ తెల్ల పిండి భయపెట్టి హ్యాండిల్ టేపు కూడా విప్పించింది. విప్పడం మంచిదైంది. మోచేతి మెత్తల నుంచి కారిన చెమట టేపు కింద చేరి హ్యాండిల్‌ను గుంటలు గుంటలుగా తినేసింది. ముప్పై వేగంలో అది విరిగి ఉంటే ఈ సమీక్ష రాసేవాణ్ని కాదు. పాత ట్రయథ్లాన్ సైకిల్ ఎవరు కొన్నా ముందు టేపు విప్పండి, మెరుస్తున్నా సరే. కొత్త హ్యాండిల్ నడుం లావు 31.8 మిల్లీమీటర్లు, హ్యాండిల్‌ను ఫోర్కుకు కలిపే పాత స్టెమ్ పట్టేది 26. స్టెమ్ మార్చాలి. కొత్త స్టెమ్‌లు 28.6 గొట్టానికి వస్తాయి, నా ఫోర్కు గొట్టం 25.4. మధ్యలో అల్యూమినియం చుట్టు ఒకటి పెట్టాలి. ఒక్క చెమట గుంటకు మూడు వస్తువులు కొనాల్సి వచ్చింది.

క్రాంక్ ఆక్టాలింక్ రకం, అంటే షిమానో వాళ్ల లావు బోలు ఇరుసుకు బిగిసేది. మామూలు పుల్లర్ (క్రాంక్ ఊడలాగే సామాను) పెడితే దాని మొన ఇరుసు రంధ్రంలోకి దూరిపోతుంది, లాగదు. దానికి వేరే సామాను ఉందిగానీ నా దగ్గర లేదు. ఎవరూ తీసుకోని ఆఠాన బిళ్ళ ఒకటి ఇరుసు మూతిమీద అడ్డం పెట్టి పుల్లర్ తిప్పితే సుఖంగా ఊడొచ్చింది. గేరు కేబుల్ ఫ్రేము లోపలి నుంచి పోతుంది. పాతది తెగి ఉంది కాబట్టి ఒక చివర కుట్టుమిషన్ దారం వదిలి, రెండో చివర వాక్యూం క్లీనర్ పెట్టాం. దారం వచ్చింది, దారం వెంట కేబుల్ వచ్చింది. చైన్, క్యాసెట్ (వెనక పళ్ల చక్రాలు), బ్రేకు గుబ్బలు మార్చాను, వాటిలో చెప్పుకోవాల్సిందేమీ లేదు. మోచేతి మెత్తల స్పాంజి పొడైపోతే హవాయి చెప్పు కోసి అంటించాను. ఆరేళ్లలో రెండు చెప్పులు పట్టాయి.

కొన్న ధర కాక ఇరవై ఒక్క వేలు అయ్యాయి. మొత్తం ముప్పై మూడు. ఆ డబ్బుకు గ్యారంటీతో కొత్త రోడ్ సైకిలే వచ్చేది, ఆ మాట మా ఆవిడ ఇప్పటికీ అంటుంది.

మరి ఎలా ఉంది? సాగర్ రోడ్డు మీద తెల్లవారుజామున ఐదింటికి, బత్తాయి తోటల మధ్య కొమ్ముల మీద వాలితే దీనికి సాటి లేదు. ఎదురుగాలిలో అదే కష్టానికి నా మామూలు సైకిల్ కంటే గంటకు రెండు కిలోమీటర్లు ఎక్కువ వస్తుంది. మొదట్లో ఇంకా ఎక్కువ వస్తోందని మురిసిపోయాను. మీటర్‌లో 700సి చక్రం చుట్టుకొలతే ఉండిపోయింది, ముప్పైలో పోతుంటే ముప్పై రెండు దాటి చూపించేది. 1938 మిల్లీమీటర్లని సరిచేశాక నిజం తేలింది. చిన్న చక్రం వల్ల గేర్లు కొంచెం తేలికగా పడతాయి. ఎత్తు మీద నాలాంటి నలభై ఏళ్ల మోకాళ్లకు అది మేలే. గేరు మీటను క్లిక్కులు లేని పద్ధతికి కూడా తిప్పుకోవచ్చు. ఒకసారి డిరైలర్ తగిలే కొక్కెం వంగితే ఆ పద్ధతిలోనే ఇంటికి చేరాను.

ఊళ్లలో మాత్రం ఇది పనికిరాదు. వాలినప్పుడు చేతులు బ్రేకుల మీద ఉండవు, కుక్కకూ మేకకూ ఆ సంగతి తెలియదు. యాసంగి కోతలయ్యాక రోడ్డు సగం వడ్లు ఆరబోసి చుట్టూ రాళ్లు పేరుస్తారు. చీకట్లో ఆ రాళ్లు కనపడవు. ఏప్రిల్, మే నెలల్లో వాలడం మానేసి కింది హ్యాండిలే పట్టుకుంటాను. ఒకసారి వడ్ల మీదికి పోయి జారి పడ్డాను. ఆరబోసినామె పరుగెత్తుకొచ్చి ముందు నన్ను లేపి, తర్వాత, "గింత సన్న టైర్లేసుకొని ఈడికెందుకొచ్చినవు బిడ్డా" అని తిట్టింది. మాట సబబే. 23 మిల్లీమీటర్ల టైరుకు సీసీ రోడ్డు అతుకు కూడా గుంతే. తొంభై కిలోమీటర్లకు నడుం నొప్పి లేదుగానీ మెడ పట్టేస్తుంది. బోరు నీళ్లతో కడిగితే తెల్ల చారలు కడతాయి, తడి గుడ్డతో తుడిచి వెంటనే పొడి గుడ్డ వేస్తాను. ఈత నాకు అంతంతమాత్రం కాబట్టి మూడు ఆటల సైకిల్ కొని ఒక్క ఆటే ఆడుతున్నాను.

ఇంట్లో ఇంకో సైకిల్ ఉండి, రిపేరు మీద ఇష్టం ఉన్నవాళ్లు కొనవచ్చు. కొలిచే టేపు, స్కేలు, అయస్కాంతం పట్టుకుని వెళ్లండి. టైరు మీద రెండో అంకె 622 ఉంటే మాట్లాడండి. 571 ఉంటే సగం ధరకే మాట్లాడండి. సీటు రాడ్డు కదలకపోతే ఆ సగంలోనూ సగం అడగండి.

వెనక టైరు మూడున్నర వేల కిలోమీటర్లు వస్తోంది, ముందుది దానికి రెట్టింపు. ఇప్పటికి ఆరు అరిగాయి. అటక మీద రెండున్నాయి. వచ్చే సంక్రాంతికి మరదలు మళ్లీ వస్తోంది, ఈసారి ఆరు తెమ్మన్నాను. "పోయేటప్పుడు పచ్చళ్లకే పెట్టె సాలదు గని, వచ్చేటప్పుడు ఖాళీయే బావా" అంది.