కిటికీలకు నాలుగు స్టార్లు, గొడ్లచావిడికి ఒకటి: పురుగుల నివారణ సేవపై సమీక్ష

మామిడి చెక్కతో చేయించిన కిటికీల నుంచి మెత్తని పొడి రాలడమూ, పెరటి చావిడిలో గేదెలు పాలు పితికేటప్పుడు సైతం కాళ్లు విదిలించుకోవడమూ ఒకే వేసవిలో మొదలైనందున, రెండింటికీ కలిపి పట్టణంలోని ఒక సంస్థకు 6,500 రూపాయలకు పని అప్పగించాము.

కిటికీల పని చేసిన మనిషికి విషయం తెలుసు. రాలిన పొడిని వేళ్ల మధ్య నలిపి, 1-2 మిల్లీమీటర్ల రంధ్రాలను చూపించి, అవి పురుగు లోపలికి దూరిన దారులు కావనీ, ఎదిగిన పెంకుపురుగు బయటపడిన దారులనీ చెప్పాడు. తల్లిపురుగు పాలిష్ లేని చెక్క సూక్ష్మరంధ్రాలలో గుడ్లు పెడితే, పిల్లపురుగు నెలల తరబడి లోపలే ఉండి చెక్కలోని పిండిపదార్థాన్ని తింటుంది. కనుక పైపైన పిచికారీ చేసి లాభం లేదు. అతడు చెక్కను గీకి, బోరాక్స్, బోరిక్ ఆమ్లం కలిపిన ద్రావణాన్ని రెండుసార్లు పట్టించి, రంధ్రాలలోకి సిరంజితో మందు ఎక్కించి, ఆరిన తరువాతే వార్నిష్ వేయించాడు. ఎనిమిది నెలలైంది, ఒక్క కిటికీ గడపకమ్మి దగ్గర తప్ప కొత్త పొడి కనిపించలేదు.

చావిడికి వచ్చినది వేరే మనిషి. గోడలకు మందు కొట్టి, ఇంటి ఈగలే కదా అని వెళ్లిపోయాడు. కానీ మా గేదెలను కుడుతున్నవి రక్తం పీల్చే చావిడి ఈగలు. చూపుకు ఇంటి ఈగల్లాగే ఉంటాయి గాని, ముందుకు పొడుచుకువచ్చిన సూదిలాంటి మూతిని బట్టి వీటిని గుర్తుపట్టవచ్చు. చెక్కలో పిల్లపురుగు చేసే నష్టాన్ని ఇక్కడ ఎదిగిన ఈగ చేస్తుంది, అందులోనూ ఆడదీ మగదీ రెండూ రక్తం పీలుస్తాయి; పిల్లలు మాత్రం పేడ, మూత్రం కలిసి కుళ్లిన గడ్డిలో పెరుగుతాయి. వేడి రోజుల్లో గుడ్డు ఈగ కావడానికి సుమారు మూడు వారాలు చాలు, మా చావిడిలోనూ సరిగ్గా అంతకాలానికే అవి తిరిగి వచ్చాయి. ఫిర్యాదు చేస్తే ఉచితంగా మళ్లీ వచ్చి, మళ్లీ గోడలకే కొట్టారు. మూలనున్న గడ్డికుప్ప వైపు ఎవరూ చూడలేదు.

చివరకు ఆ కుప్పను మేమే తీయించి, పేడను పలుచగా పరచి ఎండబెట్టడం మొదలుపెట్టాక గేదెలు కాస్త నిలకడగా నిలబడుతున్నాయి. గడపకమ్మికి ఆ మొదటి మనిషినే పేరు చెప్పి పిలిపించుకుంటాను. చావిడికి మాత్రం ఆ సంస్థను పిలవను.