మెత్తటి క్లచ్ పెడల్ చూసి మురిసిపోయాను: పాత మారుతి 800 అనుభవం

2004 మోడల్ మారుతి 800 గురించి కొత్తగా చెప్పేదేమీ లేదు. నేను రాస్తున్నది దానికి వేయించిన రెండో క్లచ్ సెట్ గురించి. బండితో వచ్చిన క్లచ్ లక్ష కిలోమీటర్లు దాటినా జారలేదు, అంటే ఇంజను ఊపు చక్రాలకు అందకుండా పోలేదు. పెడల్ బిగుసుకుపోయి మోకాలు నొప్పి పుడుతుంటే మార్పించానంతే. దాని స్థానంలో వచ్చిన ఘనుడు పదివేలు కూడా పూర్తిగా తిరగలేదు. ఆ కోపం ఇంకా చల్లారలేదు.

వేయించిన కొత్తలో మాత్రం తెగ పొగిడాను. విజయవాడ బెంజి సర్కిల్ సాయంత్రపు రద్దీలో అంత తేలిగ్గా దిగే పెడల్ ఈ బండికి మునుపెన్నడూ లేదు. పాత 800 ఉన్న బంధువులకు కూడా ఇదే వేయించుకోమని చెప్పాను. ఇప్పుడు ఆ మాట అంత గట్టిగా అనలేను. పెడల్ తేలికవడానికి కొత్త కేబుల్ కొంత కారణమే. మిగతా కారణం గేర్‌బాక్స్ దింపాక తెలిసింది.

మొదటి సూచన కనకదుర్గ ఫ్లైఓవర్ మీద వచ్చింది. ఈ బండికి ఆర్‌పీఎం చూపే ముల్లు లేదు, చెవులే దిక్కు. ఎక్కుడులో యాక్సిలరేటర్ తొక్కితే ఇంజను రొద పెరిగింది గాని వేగం పెరగలేదు. మేస్త్రీ కేబుల్ నట్టు వదులు చేసి పెడల్‌కు కాస్త ఆట, అంటే తొక్కగానే మొదట ఖాళీగా కదిలే జాగా, ఇచ్చాడు. ఆట లేకపోతే, పెడల్ తొక్కినప్పుడు క్లచ్‌ను విడదీసే రిలీజ్ బేరింగ్ ఎప్పుడూ నొక్కుతూనే ఉండి క్లచ్ ప్లేటు జారుతుంది కాబట్టి అది సబబైన పనే. కొన్నాళ్లు సర్దుకుంది.

తర్వాత శ్రీశైలం బయలుదేరాం. దోర్నాల దాటి నల్లమల ఘాట్ మొదలయ్యేదాకా ఏ ఇబ్బందీ లేదు. నలుగురు మనుషులు, సామాను, ఏసీ కట్టేసి రెండో గేరు. ఒక మలుపులో ఇంజను అరుస్తోంది, బండి కదలడం లేదు. కాలిన వాసన లోపలికి కొట్టింది. “ఏదో మాడుతోందండీ” అంది మా ఆవిడ. పక్కకు ఆపి చల్లారనిస్తే కొద్ది దూరం కదిలేది, మళ్లీ అదే వరస. రాత్రి తొమ్మిదికి అటవీ గేటు మూసేస్తారు. ఇక లాభం లేదని వెనక్కి తిప్పి, బ్రేకుల మీద మెల్లగా దోర్నాల దిగాం. దర్శనానికి బస్సులో వెళ్లాం. బండి టోయింగ్ వాహనం మీద విజయవాడ ఆటోనగర్ చేరింది.

మేస్త్రీ ప్లేటు తీసి చేతికిచ్చాడు. దాని మీద పట్టు కోసం ఉండే లైనింగు అద్దంలా నున్నబడి నల్లగా మాడిపోయింది. రివెట్ల తలలు పైకి తేలి, ప్లేటు అతుక్కుని తిరిగే ఇంజను చక్రం ఫ్లైవీల్ మీద గుండ్రంగా గీతలు పడ్డాయి, అక్కడక్కడా నీలి మచ్చలు. ప్లేటు ఊపితే నడుమ స్ప్రింగులు గలగలలాడాయి. పారేయకుండా ఉంచిన పాత సెట్ తెచ్చి పక్కన పెట్టాం. లక్ష తిరిగిన ఆ ప్లేటుకు ఇంకా లైనింగు మిగిలే ఉంది. అసలు తేడా ప్రెషర్ ప్లేటులో కనిపించింది. కొత్తదాని డయాఫ్రం స్ప్రింగు రేకు కంటికే పలచగా తెలుస్తోంది. ప్లేటును ఫ్లైవీల్‌కు అదిమి పట్టాల్సింది ఆ స్ప్రింగే. అది బలహీనమైతే పెడల్ హాయిగానే దిగుతుంది, ఎక్కుడులో ప్లేటు మాత్రం జారుతుంది. వేడికి స్ప్రింగు ఇంకా మెత్తబడి ఉండవచ్చు. కానీ పెడల్ తేలిక మొదటి రోజు నుంచీ ఉన్నదే కదా!

ఏ పేరున్న కంపెనీ డబ్బాలో అది వచ్చిందో ఇక్కడ చెప్పను, ఎందుకంటే లోపలి సరుకు ఆ కంపెనీదేనని నాకు నమ్మకం లేదు. అమ్మిన దుకాణదారు “క్లచ్ మీద కాలు ఆనించి నడుపుతారేమో సార్” అన్నాడు. అదే కాలితో మొదటి క్లచ్ లక్ష దాటింది కదండీ అంటే, బిల్లు మీద అచ్చయిన “అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు” చూపించాడు.

ఈసారి డీలర్ కౌంటర్‌లో బిల్లుతో ప్లేటు, ప్రెషర్ ప్లేటు, బేరింగ్ మూడూ తీసుకున్నాను. ధరలో తేడా సుమారు వెయ్యి రూపాయలు. గేర్‌బాక్స్ దింపి ఎక్కించే కూలీ, టోయింగ్, ఫ్లైవీల్‌ను లేత్ మీద చదును చేయించడం కలిపితే ఆ వెయ్యి ఏ మూలకు! ఎలాగూ విప్పారు కదా అని క్రాంక్ వెనుక ఆయిల్ సీలు కూడా మార్పించాను. అది కారి నూనె అంటితే ఎంత మంచి ప్లేటైనా జారుతుంది.

కొత్త పెడల్ బరువుగానే ఉంది, రద్దీలో మోకాలు మళ్లీ మూలుగుతోంది. ఘాట్ మాత్రం ఆగకుండా ఎక్కింది. నేను 2024లో ఐదు వేలు కట్టి ఆర్‌సీ రెన్యువల్ చేయించుకున్నాను, 2029 దాకా ఈ బండి ఉంచుకునే ఉద్దేశం ఉంది, ఏడాదికోసారైనా కొండ ఎక్కుతాను, కాబట్టి నాకు ఇదే సరి. ఊళ్లోనే కూరగాయలకు తిప్పుకుని ఏడాదిలో అమ్మేసేవారికి ఆ చవక సెట్ సరిపోతుందేమో. అలాంటి బండి కొనేవారు మాత్రం హ్యాండ్‌బ్రేక్ వేసి, టాప్ గేరులో క్లచ్ మెల్లగా వదిలి చూడండి. ఇంజను ఆగిపోకుండా తిరుగుతూనే ఉంటే క్లచ్ ఖర్చు బేరంలో తగ్గించమనండి.