ఎక్స్‌టింక్షన్ కోఎఫిషెంట్: సీక్వెన్స్ లెక్క చాలా, గ్వానిడిన్ కావాలా?

తెలిసిన గాఢతలో ప్రోటీన్ 280 నానోమీటర్ల కాంతిని ఎంత పీల్చుకుంటుందో చెప్పే అంకే ఎక్స్‌టింక్షన్ కోఎఫిషెంట్. హనుమకొండలో ఎమ్మెస్సీ ప్రాజెక్టు చేసేవాళ్లు ప్రోటీన్ శుద్ధి కాలమ్ నుంచి దిగగానే బ్రాడ్‌ఫర్డ్ (రంగుతో ప్రోటీన్ కొలిచే పరీక్ష) పెట్టి, బీఎస్‌ఏ (పోలికకు వాడే ఆవు రక్తపు ప్రోటీన్) గ్రాఫ్‌తో గాఢత చదివేస్తారు. రోజువారీ పనికి అది సరే. ఆ గాఢతతో 280 నానోమీటర్ల రీడింగ్‌ను భాగించి కోఎఫిషెంట్ అంటే మాత్రం ఒప్పుకోలేం. బ్రాడ్‌ఫర్డ్ రంగు ఎక్కువగా ఆర్జినిన్ అనే అమినో ఆమ్లానికి అంటుకుంటుంది. మీ ప్రోటీన్‌లో అది బీఎస్‌ఏలో ఉన్నంతే ఉండాలని ఏముంది?

పైసా ఖర్చు లేనిది సీక్వెన్స్ లెక్క, అంటే ప్రోటీన్‌లోని అమినో ఆమ్లాల వరుస చూసి కట్టేది. ట్రిప్టోఫాన్‌కు 5500, టైరోసిన్‌కు 1490, డైసల్ఫైడ్ బంధానికి (రెండు సిస్టీన్ల మధ్య బంధం) 125 చొప్పున కలపడమే. కోడిగుడ్డు లైసోజైమ్‌లో ఇవి వరుసగా 6, 3, 4. మొత్తం 37,970 (ఒక మోలార్‌కు, ఒక సెంటీమీటరు దారికి), అంటే మిల్లీలీటరుకు ఒక మిల్లీగ్రాము ద్రావణానికి సుమారు 2.65. కొలిచిన విలువ కూడా దాదాపు అంతే. శుద్ధి కోసం ప్రోటీన్‌కు తగిలించిన ట్యాగ్‌ను టీఈవీ అనే కోసే ఎంజైమ్‌తో తీసేస్తే, ఆ కోత సైట్‌లోని టైరోసిన్ కూడా పోతుందని మరవకండి. ట్రిప్టోఫాన్ అసలు లేని ప్రోటీన్లలో ఈ లెక్క 10 శాతానికి పైగా తప్పొచ్చు.

శాస్త్రవేత్త ఎడెల్‌హాక్ 1967లో చూపిన దారి గ్వానిడిన్‌ది. 6 మోలార్ గ్వానిడిన్ హైడ్రోక్లోరైడ్‌లో ప్రోటీన్ మడతలు విప్పుకుంటుంది, అప్పుడు అమినో ఆమ్లాల విలువలు కూడితే మరింత నమ్మకంగా సరిపోతుంది. ఆ స్థితికి విలువలు వేరు, అదే వరుసలో: 5690, 1280, 120. ఒకే స్టాక్ నుంచి ఒకే పరిమాణం మామూలు బఫర్‌లోకి, గ్వానిడిన్‌లోకి వేసి రెండూ చదవండి. మామూలు రీడింగ్‌ను గ్వానిడిన్ రీడింగ్‌తో భాగించి, విప్పుకున్న ప్రోటీన్‌కు లెక్కగట్టిన విలువతో గుణిస్తే చాలు. గాఢత తెలియక్కర్లేదు! పైపెట్ తేడా మాత్రం నేరుగా జవాబులోకే వస్తుంది. 100 మిల్లీలీటర్లకు 57.3 గ్రాముల గ్వానిడిన్ కావాలి, అదీ మంచి గ్రేడ్‌ది. చవక రకం తానే 280 దగ్గర రీడింగ్ చూపిస్తుంది.

ప్రోటీన్‌ను విడగొట్టి అమినో ఆమ్లాలను లెక్కించే అమినో ఆమ్ల విశ్లేషణ అన్నిటికన్నా సూటి కొలత. కానీ ఆమ్లంలో 110 డిగ్రీల దగ్గర 24 గంటలు ఉడికించాలి, అందులో ట్రిప్టోఫాన్ నశిస్తుంది. మన ఊళ్లో ఆ పరికరం అందకపోతే శాంపిల్ హైదరాబాద్‌కు పంపాలి, డబ్బులూ పెట్టాలి.

నా ఓటు గ్వానిడిన్‌కే, సీక్వెన్స్ లెక్కను పక్కన సరిచూసుకుంటూ. రెండూ 5 శాతం లోపు కలిస్తే పేపర్‌లో రాసుకోవచ్చు. ఇన్సులిన్ లాగా ట్రిప్టోఫాన్ లేని ప్రోటీన్ అయితే విశ్లేషణకే డబ్బు పెట్టండి. 280 దగ్గర చదివేటప్పుడు క్వార్ట్జ్ క్యూవెట్ (ద్రావణం పోసే చిన్న గిన్నె) వాడండి. శుద్ధిలో వాడే ఇమిడజోల్ కూడా 280 దగ్గర కొంత రీడింగ్ ఇస్తుంది కాబట్టి ముందు డయాలిసిస్ (పొర సంచిలో పెట్టి బఫర్ మార్చడం) చేసి, ఆ బయటి బఫర్‌నే బ్లాంక్‌గా, అంటే సున్నా రీడింగ్‌గా పెట్టండి.